బాపు బాకీ

పెత్రమాస నాటి మధ్యాహ్నం. పొద్దున బాపు పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి వచ్చాం. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, వాకిట్లో తంగేడు, గునుగు కుప్పలు పోసి ఉన్నాయి. నారాయణఖేడ్‌కు దగ్గర్లోని మా ఊళ్లో, బాపు కూర్చునే అరుగు మీద నేనూ మా అన్నా కూర్చున్నాం. బాపు పోయి పది నెలలు దాటింది. కార్తీకంలో సంవత్సరీకం.

బాపు 1974 నుంచి 2008 దాకా చుట్టుపక్కల తండాల్లో బడిపంతులు. దసరా వెళ్లాక చెరుకు కొట్టడానికి వలసపోయే వాళ్ల పిల్లలను, తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంచుకొని చదివించాడు. ఆయనను ఎట్లా తలుచుకోవాలన్న దగ్గర మా ఇద్దరికీ ఆ రోజు మాట కుదరలేదు. అన్న అన్నవి అన్నట్టే రాశాను. నావి కూడా దిద్దుకోలేదు.

అన్న: చెల్లె, సంవత్సరీకానికి రెండు పనులు అనుకున్న. ఒకటి, ఊరంతకు అన్నం పెట్టాలె. రెండు, బడి గేటు కాడ బాపు విగ్రహం నిలబెట్టాలె. నల్లరాయిది, ఛాతీ దాక. శిల్పితోని మాట్లాడిన. ఖర్చు నేనే పెట్టుకుంట. నువ్వు వచ్చి పక్కన నిలబడితె చాలు.

నేను: ఖర్చు గురించి కాదన్నా నా బాధ. రిటైరైన నాడు మెడల దండేస్తె బాపు ఎంతసేపు ఉంచుకున్నడు? చేతిలకు తీసుకొని, ముందట కూసున్న పిల్లకు ఇచ్చిండు. ఫొటోల కూడ దండ ఆ పిల్ల చేతిలనే ఉంది. అట్లాంటి మనిషిని రాయి చేసి నిలబెడితె, ఎండకు వానకు రోజూ దండ మోస్తు నిలబడాలె.

అన్న: బతికున్న మనిషి దండ వద్దంటె అది ఆయన మర్యాద. పోయినంక మనం వెయ్యకపోతె అది మన తప్పు. ఏ ఊరి చౌరస్తాల నిలబడి చూసినా నాయకుల విగ్రహాలే కనబడ్తయి. తండా పిల్లగానికి అ ఆ లు దిద్దిచ్చినోనికి ఎవరు పెడ్తరు? ఇయ్యాల బడికి పోయే పిల్లలకు బాపు ఎవరో తెల్వది. రేపు వాళ్ల పిల్లలకు అసలే తెల్వది. గేటు కాడ మొకం కనబడితె, ‘ఈయన ఎవరు సార్’ అని ఒక్కడన్న అడుగుతడు.

నేను: బాపు మనకు చిన్నప్పటి నుంచి బసవన్న సంగతి చెప్తుండె. యాదికుందా? స్థావరం, జంగమం. ఒక్కతాన పాతుకొని నిలబడేది స్థావరం. నలుగుట్ల తిరిగేది, మనిషి నుంచి మనిషికి పోయేది జంగమం. కట్టిన గుడి కన్న నడిచే మనిషిని ఎక్కువ చేసి చూసిండు బసవన్న. ఆయన ఉన్న బసవకల్యాణం మనకు దూరమేం కాదు, బీదర్ జిల్లాలనే ఉంది. మన తాత తరం ఆ జిల్లా మనుషులే.

అన్న: ఆ కల్యాణంలనే బసవన్నకు 108 అడుగుల విగ్రహం పెట్టిండ్రు. ఇద్దరం పోయి చూసినం. నువ్వు దండం పెట్టినవు. ఇంకో మాట చెప్త. బసవన్న పన్నెండో శతాబ్దం మనిషి. పాల్కురికి సోమన తెలుగుల బసవపురాణం రాసిండు కాబట్టి మన ఊర్లల్ల ఆయన కథ నిలిచింది. ఒకడు గంటం పట్టి తాటాకు మీద గీస్తెనే ఆ జంగమం ఇన్నేండ్లు నడిచింది. గురుతు లేకుంటె ఎంత గొప్ప మాటన్న గాలిల కలుస్తది.

నేను: తాటాకుల రాసింది ఒకడు చదువుతడు, ఇంకొకడు వింటడు, దాని ప్రకారం ఒకడన్న నడుచుకుంటడు. దాన్ని నేను ఒప్పుకుంట. కాని రాయిని చూసినోడు దండం పెట్టి ముందలికి పోతడు. పెట్టినోళ్లం మనం కూడ అంతే. బాపుకు చెయ్యాల్సింది చేసినం అని చేతులు కడుక్కుంటం. నాకు భయం మన గురించే.

అన్న: బాపు మాట ఇంకోటి యాదిజేస్త. ‘నేను పుట్టింది బీదర్ జిల్లాల. ఉన్న కాడి నుంచి అడుగు కదలకుండనే మెదక్ జిల్లాకు వచ్చిన, సంగారెడ్డి జిల్లాల ముసలోణ్ణి అయిన’ అంటుండె. 1956ల ఖేడ్ తాలూకాను మెదక్‌ల కలిపిండ్రు, 2016ల సంగారెడ్డి జిల్లా చేసిండ్రు. బడి మీద బోర్డు రెండుసార్లు మారింది. సర్కారు కాయిదంల ఏ పేరు నిలువది. అందుకే రాయి మీద ఉండాలంటున్న.

నేను: బోర్డు ఎన్నిసార్లు మారినా బడిల పాఠం మారలే. అది గూడ చూడు.

అన్న: సరే, రాయి ఇడిసిపెడ్దాం. తండ్రి పేరు నిలబెట్టేది కొడుకు. ఇది మన ఖేడ్‌ల కొత్త సంగతా? శివరావు షెట్కార్ ఇక్కడ ఎమ్మెల్యే చేసిండు. కొడుకు సురేష్ షెట్కార్ 2004ల ఎమ్మెల్యే అయిండు, 2009ల జహీరాబాద్ ఎంపీ అయిండు, 2024ల మళ్ల ఎంపీ అయిండు. పట్లోళ్ల కిష్టారెడ్డి పోయినంక ఆయన జాగల కొడుకు సంజీవరెడ్డి నిలబడ్డడు. పెద్దమనిషి పోతె జనం ఆయన ఇంటి దిక్కు చూస్తరు. నేను ఊర్లనే ఉన్న. రేపు ‘పంతులు కొడుకు ఏం చేసిండు’ అని అడిగేది నన్ను. హైదరాబాద్‌ల ఉన్న నిన్ను ఎవరు అడగరు.

నేను: కిష్టారెడ్డి సంగతి తెచ్చినవు కాబట్టి మొత్తం చెప్పుకుందాం. ఆయన నాలుగుసార్లు గెలిచిన మనిషి. 2015 ఆగస్టుల పోయిండు. 2016 ఫిబ్రవరిల ఉప ఎన్నిక వచ్చింది. తండ్రి పోయి ఆరు నెలలు కాలే, ఇంట్ల దుఃఖం ఆరలే. జనం కొడుకును గెలిపిచ్చిండ్రా? 53 వేల పైచిలుకు ఓట్ల మెజార్టీతోని భూపాల్‌రెడ్డి గెలిచిండు. సంజీవరెడ్డి అసెంబ్లీకి పోయింది 2023 డిసెంబర్‌ల. నడుమ ఏడేండ్లు దాటింది. పార్టీల సంగతి మనకు వద్దు, ఓట్లకు వంద కారణాలుంటయి. నేను చెప్పేది ఒక్కటే, తండ్రి పేరు మన ఇంటి దాక తోలుకొస్తది, అక్కడి నుంచి కొడుకు తన కాళ్ల మీద నడువాలె. ఖేడ్ జనానికి ఇది మనకన్న ఎక్కువ తెలుసు.

అన్న: మరి ఏం చేద్దామంటవు? విగ్రహం వద్దంటున్నవు. నోటితోని వద్దనుడు అల్కనే.

నేను: బాపు చేసిన పనే చేద్దామంటున్న. ఇంకో నెల పదిహేను రోజులైతె తండాల నుంచి బండ్లు లేస్తయి. మంజీర మన పక్క పొంటి పారుతది, సింగూరు కట్టి ఆ నీళ్లు పట్నానికి తాపిచ్చిండ్రు, మన చెల్క మాత్రం వాన మొకమే చూస్తది. బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరిల శంకుస్థాపన అయింది. ఆ నీళ్లు మన కాల్వలకు వచ్చేదాక వానాకాలం పనులు అయిపోంగనే చెరుకు కొట్టుడే బతుకు. మేస్త్రీ మొగుడు పెండ్లాన్ని ఒక జతగ లెక్కగట్టి ముందే పైసలిస్తడు. ఎంబడి పిల్లలు పోతరు. పెద్ద పిల్ల చెరుకు తోటల గుడిసె ముందట చంటిదాన్ని ఎత్తుకొని కూసుంటది. ఆ పిల్లలను పది మందిని మన ఇంట్ల ఉంచుదాం.

అన్న: కాలం మారలేదా చెల్లె? బాపు రోజులల్ల ఇన్ని సౌలతులు లేకుండె. ఇప్పుడు గిరిజన గురుకులాలు ఉన్నయి, కస్తూర్బా బడులున్నయి. వలసపోయేటోళ్ల పిల్లలకని సర్కారు సీజనల్ హాస్టళ్లు కూడ నడిపింది. ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలందరికి చదువు హక్కు అని 2009ల చట్టమే చేసిండ్రు. సర్కారు పని మనం నెత్తిన ఎత్తుకునుడు ఎందుకు?

నేను: చాన గురుకులాలల్ల సీటు అయిదో తరగతి నుంచే. కస్తూర్బాల ఆరు నుంచి. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్ల ఏడికి పోవాలె? అవ్వ పోయిన తానికే పోతది. తిరిగొచ్చేసరికి ఉగాది వస్తది. దిద్దిన అక్షరం మరిచిపోతది, మళ్ల అదే తరగతిల కూసోవడానికి సిగ్గుపడ్తది. బాపు పట్టుకున్నది ఆ చిన్న పిల్లలనే. చట్టం 2009ల వచ్చింది, బాపు ఆ సంగతి 1980లనే చూసిండు. బాపు విలువ అంటె అదే కద. ఎవరు అడగకముందే, తన పని కాకున్నా, కండ్ల ముందట పిల్ల చదువు ఆగిపోతుంటె చూస్తు ఊకోలే.

అన్న: మంచిగ చెప్పినవు. ఇగ నేనొకటి అడుగుత, కోపం తెచ్చుకోకు. ఆ పిల్లలకు వండింది ఎవరు?

నేను: అమ్మ.

అన్న: ఏడాదికి ఎనిమిది మంది, ఒక ఏడు పద్నాలుగు మంది. పూటకు నలభై జొన్నరొట్టెలు. కట్టెల పొయ్యి, పొగ. చిన్న పిల్లలు రాత్రి అవ్వ కావాలని ఏడుస్తుంటె ఎత్తుకొని తిరిగింది ఎవరు? పేన్లు చూసింది, పక్క తడిపిన బొంతలు ఉతికింది ఎవరు? బాపు పొద్దున తొమ్మిదికి బడికి పోయేది. అమ్మకు బడి గంట ఎప్పుడు కొట్టలే. ‘ఇంతమందిని తెస్తున్న, నీతోని అయితదా’ అని బాపు ఒక్కసారన్న అడిగినట్టు నీకు యాదికుందా? నాకు లేదు. ఇయ్యాల అమ్మ కుడిచెయ్యి భుజం దాటి లేస్తలేదు. నువ్వు పట్నంల ఉద్యోగం చేసుకుంట, ‘మన ఇంట్ల పది మందిని పెడ్దాం’ అంటున్నవు. మన ఇల్లు అంటె ఎవరు? అమ్మ, నా భార్య. నీ మాట బాపు మాట లెక్కనే ఉంది. మంచి ఆయనది, చాకిరి ఇంకొకరిది.

(కొంతసేపు నాకు మాట రాలేదు. గునుగు పువ్వు ఒకటి తీసుకొని దాని కాడ తుంచుతూ కూర్చున్నాను.)

నేను: నిజమే అన్నా. నేను ఆ లెక్క ఎన్నడు వెయ్యలే. ఊర్ల అందరు ‘పంతులు పది మందికి అన్నం పెట్టిండు’ అంటరు. ‘పంతులమ్మ వండింది’ అని ఒక్కరన్న అంటె నేను వినలే. ఆ మాట అనాల్సింది ముందుగాల నేనే. నేను ఆమె బిడ్డను.

అన్న: బాపును తక్కువ చేద్దామని కాదు చెల్లె. విలువలు, విలువలు అని అందరు అంటరు. ఆ విలువకు కూలి కట్టింది ఎవరో చూసి మాట్లాడాలె.

నేను: అయితె ఇంకో లెక్క కూడ ఉంది. ఇన్నేండ్లు నోట్లనే ఉంచుకున్న. నువ్వు అమ్మ సంగతి తీసినవు కాబట్టి అడుగుతున్న. బాపు తండా తండా తిరిగి ఆడపిల్లలను బడికి తెచ్చిండు. ‘పిల్లకు ఎందుకు సారు చదువు’ అన్నోళ్ల ఇంటి ముందట పొద్దూకేదాక కూసున్నడు. అదే బాపు, తాత ఇచ్చిన ఆరెకరాలు నీ ఒక్కని పేరు మీద చేసిండు. పెండ్లైనంక నాతోని సంతకం పెట్టిచ్చిండు.

అన్న: నువ్వే పెడ్తివి గద. ఎవరన్న బలవంతం చేసిండ్రా?

నేను: బాపు అడిగితె పెట్టకుంట ఉంటనా? 1986ల ఎన్టీఆర్ సర్కారు చట్టం మార్చింది. తాతల ఆస్తిల బిడ్డకు కూడ కొడుకుతోని సమానంగ హక్కని రాసింది. అప్పటికి నాకు పదేండ్లు. 2005ల ఆ మాట దేశమంతకు చట్టమైంది. బిడ్డకు ఆ హక్కు పుట్టుకతోనే వస్తదని 2020 ఆగస్టుల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బాపు పేపర్ చదివే మనిషి. బడిల పిల్లలకు చట్టాల గురించి చెప్పే మనిషి. ఆయనకు తెల్వదని నేను అనుకోను.

అన్న: కట్నం ఇచ్చి పెండ్లి చేసిండు కద. ఊర్ల అందరు అట్లనే చేసిండ్రు. బాపు ఊరి మనిషే.

నేను: అవును, ఊరి మనిషే. బడిల ఊరిని దాటిండు, ఇంట్ల దాటలే. నాకు ఆయన మీద కోపం లేదు. భూమి నాకు వద్దే వద్దు అంటె మాత్రం అబద్ధమైతది. తండ్రి మంచోడు కాబట్టి బిడ్డ తన హక్కు మరిచిపోవాలె అనే మాట నేను ఒప్పుకోలేను. బాపు నేర్పిన చదువే నాకు ఇది నేర్పింది.

(ఈసారి అన్న మాట్లాడలేదు. లేచి వాకిట్లో నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు.)

అన్న: ఇంట్ల మాట్లాడాలె. నాకు టైం కావాలె. అయితది, కాదు అని ఇప్పుడే అననీయకు. కాని నువ్వు అడిగింది తప్పని మాత్రం నేను అనను.

నేను: గది చాలు ఇయ్యాలటికి. అన్నా, పెద్దోళ్లు పితృఋణం అంటరు. తండ్రికి మనం పడ్డ బాకీ అనే ఎప్పుడు అర్థం చెప్పుకున్నం. పిండం పెడితె, పేరు నిలబెడితె, వంశం నడిస్తె తీరుతదన్నరు. నాకు ఇప్పుడు ఇంకో అర్థం కనబడ్తున్నది. తండ్రి పడ్డ బాకీ. ఆయన ఇయ్యాల్సి ఉండి ఇయ్యనిది. అమ్మకు పడ్డడు, నాకు పడ్డడు. సావుకారు కాడ అప్పుంటె కొడుకులు తీరుస్తరు, నాయిన మంచోడని అప్పును కొట్టెయ్యమనరు. ఇది కూడ అట్లనే.

అన్న: నాకు పడ్డది కూడ ఉంది. ఎవరికి చెప్పలే. తండా పిల్లలు ఇంట్ల ఉన్న నెలలల్ల బాపు నా దిక్కు చూసేటోడు కాదు. ‘నీకు అమ్మ బాపు ఉన్నరు, వాళ్లకు లేరు’ అనేది. ఆరో తరగతిల ఉన్నప్పుడు జ్వరం వచ్చి పండుకున్న. బాపు వచ్చి నా పక్కన ఉన్న పిల్లగాని నుదురు ముట్టి చూసి పోయిండు. ఆ పిల్లగానికి జ్వరం లేదు. ఇయ్యాల నాకు తెలుసు, ఆయన ఎందుకు అట్ల చేసిండో. కాని అప్పుడు పదకొండేండ్లోణ్ణి.

నేను: ఇన్నేండ్లు మనసుల పెట్టుకొని, ఆయన విగ్రహం పెడ్తనంటున్నవా అన్నా?

అన్న: అందుకేనేమో. నా దిక్కు కూడ చూస్తు ఒక్కతాన నిలబడాలని.

(అప్పటిదాకా నేను రాయిని రాయిగానే చూశాను. అన్నకు అది ఏమిటో ఆ మాటతో తెలిసింది.)

నేను: అయితె ఇగ నేను వద్దనను. ఒక్క ఏడు ఆగుదాం. ముందుగాల బాకీలు మొదలుపెడ్దాం. ఊరి భోజనాలకు ఎంతనుకున్నవు?

అన్న: రెండున్నర లక్షలు.

నేను: ఇంటోళ్లకు, బాపు తోటి పంతుళ్లకు, చుట్టాలకు వరకే అన్నం పెడ్దాం. దానికి నేను ఇస్త. నీ రెండున్నర లక్షలల్ల ఇద్దరు ఆడోళ్లకు నెలకు పన్నెండు వేల చొప్పున అయిదు నెలలు కూలి కడితె లక్షా ఇరవై వేలు. మిగిలిన లక్షా ముప్పై వేలల్ల పది మంది పిల్లల తిండి, సబ్బులు, మందులు ఎల్లాలె. మధ్యాహ్నం అన్నం బడిలనే ఉంటది. తక్కువ పడితె నేను చూసుకుంట. అమ్మ పొయ్యి కాడికి పోవద్దు, వదిన పోవద్దు.

అన్న: ఆడోళ్లు ఎక్కడ దొరుకుతరు? వానాకాలంలనే మేస్త్రీలు పైసలు ఇచ్చి పోయిండ్రు. తీసుకున్నోళ్లు పోక తప్పది, పోకుంటె గొడవలైతయి.

నేను: నువ్వు ఊర్ల ఉంటవు, నీకే తెలియాలె.

అన్న: ఉన్నరు. మొగుడు సచ్చిపోయినామె ఒకామె, మొగుడు ఇడిసిపెట్టినామె ఒకామె. జత లేదని మేస్త్రీ వాళ్లకు పైసలు ఇయ్యడు. అయినా అన్న ఎంబడో అక్క ఎంబడో పోతరు, సగం కూలికి చేస్తరు. ఒకామెకు ఇద్దరు పిల్లలు. ఆ ఇద్దరు మన పదిల వస్తరు.

నేను: చూడు, బాపుకు తట్టనిది నీకు తట్టింది. బాపు పిల్లలను ఆపిండు, మనం ఇద్దరు తల్లులను కూడ ఆపుతం.

అన్న: పొగడకు. రాత్రి పిల్లలు ఏడుస్తె ఎవరు లేస్తరు?

నేను: శని, ఆదివారాలు నేను వస్త. ప్రతి వారం.

అన్న: మాట తప్పితె?

నేను: తప్పితె ఫోన్ చేసి తిట్టు. బాపు తిట్టినట్టు పూర్తి పేరు పెట్టి తిట్టు. మిగిలిన అయిదు రాత్రులు నువ్వు లెవ్వాలె, వదిన కాదు.

అన్న: లేస్త. మరి రాయి?

నేను: వచ్చే ఉగాదికి పిల్లల అవ్వయ్యలు తిరిగొస్తరు. పది మందిల ఎంతమంది మన కాడ నిలిచిండ్రో, ఎంతమంది పై తరగతికి పోయిండ్రో చూద్దాం. ఆ లెక్క చూసుకొని శిల్పి కాడికి ఇద్దరం పోదాం. సగం పైసలు నావి. బాపు మొకం చెక్కమందాం. కింద పేరు రాసేటప్పుడు మాత్రం రెండు పేర్లు రాయిద్దాం, బాపుది, అమ్మది.

అన్న: అమ్మ ఒప్పుకోదు. ‘నా పేరు ఎందుకు బిడ్డా’ అంటది.

నేను: అసలు ఈ పిల్లల సంగతి అమ్మను అడిగినమా అన్నా? ఇంతసేపటి సంది ఇద్దరం కూసొని అమ్మ చెయ్యి, అమ్మ చాకిరి అని లెక్కలు గడ్తున్నం. ఇల్లు ఆమెది. పది మంది మళ్ల వస్తె ఆమెకు ఎట్ల ఉంటదో, ఆ ఏడుపులు మళ్ల వినాలని ఉందో లేదో. బాపు అడగలేదని నువ్వే అంటివి.

అన్న: అడగలే. మనం కూడ అడగలే.

నేను: లే. బతుకమ్మ పేర్చేటానికి ఇంకా పొద్దుంది. తండాకు రేపు పోదాం. ముందుగాల లోపలికి పోయి అమ్మను అడుగుదాం. వద్దంటె వద్దు.